వీధివైపు తలుపున్న గది

చిక్కపేట వెనక సందులో ఉన్న మా అత్తగారిల్లు అమ్మేస్తున్నామని మరిది ఫోన్ చేశాడు. లారీ వచ్చి సామాన్లు ఎత్తేలోపు ఒకసారి వచ్చి, నీకు కావలసిందేమైనా ఉంటే తీసుకుపో వదినా అన్నాడు. నాకక్కడ కావలసినవేమీ లేవు. ఇత్తడి సామాను ఎప్పుడో పంచుకున్నాం, ఉయ్యాల బల్ల ఆడపడుచు పట్టుకుపోయింది. అయినా వెళ్లాను. మెట్రో దిగి, మూటలు మోసేవాళ్లనూ చేతిబళ్లనూ తప్పించుకుంటూ సందు మలుపుకు రాగానే లంగా గుడ్డల గంజి వాసన ముక్కుకు తగిలింది. అక్కణ్నుంచి కాళ్లకు దారి చెప్పనక్కరలేకపోయింది. మరిది గోడలు చూపిస్తూ ధర గురించి ఏదో చెబుతుంటే నేను ముందు గదిలోకి వెళ్లి కింద కూచున్నాను. మనిషి కాళ్లు చాపి పడుకుంటే గోడకు తగిలేంత గది అది. దానికి రెండు తలుపులు, ఒకటి ఇంట్లోకి, ఇంకొకటి పక్క వీధిలోకి. మరిది నన్ను వెతుక్కుంటూ వచ్చి, చూసి తల వంచుకున్నాడు. "ఆ కాలంలో నిన్ను ఈడ కూచోబెడతాండ్రి కదా వదినా. తలుచుకుంటే సిగ్గయితాది నాకు," అన్నాడు. మంచివాడు. అతని సిగ్గు తీర్చే మాట నా దగ్గర ఉంది కానీ, దాన్ని చెప్పాలంటే చాలా చెప్పాలి.

హిందూపురం కాలేజీలో నేను పరుగుపందేలలో పరిగెత్తేదాన్ని. గొప్పగా ఏమీ కాదు, జిల్లా దాటి పోలేదు. కానీ గ్రౌండులో నీళ్లు చల్లిన మట్టి వాసన రాగానే కాళ్లు నిలిచేవి కావు. తొంభైల నడుమ పెళ్లయి బెంగళూరుకు వచ్చేటప్పుడు, అంత పెద్ద ఊరు, అంత వెడల్పాటి రోడ్లు, అక్కడ పరిగెత్తకుండా ఎవరు మాత్రం ఉండగలరు అనుకున్నాను. పెళ్లయిన కొత్తలో ఎవరికైనా ఏదో ఒక పిచ్చి ఉంటుంది. నాది అది.

అత్తగారిల్లు రైలు పెట్టెలా పొడుగ్గా ఉండేది. నడవలో ఒక్కచోట పైకప్పులో ఉన్న గాజుపలకల్లోంచి వెలుతురు పడేది, మిగతా ఇల్లంతా పట్టపగలు కూడా దీపాల మీదే. తెల్లారకముందే కావేరి నీళ్లు వచ్చేవి. డ్రమ్ములూ బిందెలూ నింపి, వాకిలి కడిగి ముగ్గు పెట్టి, డికాక్షన్ దించి, మావాళ్ల లంగా గుడ్డల అంగట్లో పనిచేసేవాళ్లతో సహా అందరికీ తిండి చేయాలి. ఉప్పిట్టు చేసిన రోజు ఇంగువ వాసన, చిత్రాన్నం చేసిన రోజు నిమ్మకాయ వాసన నా చేతులకు సాయంత్రం దాకా ఉండేవి. మధ్యాహ్నానికి రాగిముద్ద, ఉప్పుసారు. క్యారియర్లు కట్టి అంగడికి పంపి, ఎంగిలి గిన్నెలు పనిమనిషి ముందు వేసి, కాస్త నడుం వాల్చేసరికి సాయంత్రం కాఫీ వేళ అయ్యేది. ఆదివారం అంగడి మూసేవారు, అంటే ఆ రోజు మగవాళ్లందరూ ఇంట్లోనే ఉండి మూడు పూటలా తినేవారు.

అత్తమ్మ పేరు నాగరత్నమ్మ. ముళబాగిలు వైపు నుంచి ఇంకా చిన్నపిల్లగానే ఈ ఇంటికి వచ్చిందట. మామగారు పోయాక ఇల్లు ఆమె చేతిలోకి వచ్చిందనేవారు, నాకైతే అది ఎప్పుడూ ఆమె చేతిలోనే ఉండి ఉంటుందనిపించేది. కొట్టేది కాదు, తిట్టేది కాదు, ఆమెకు ఆ అవసరమే రాలేదు. పూజలో కళ్లు మూసుకుని కూచునే, పాలు పొంగుకు వచ్చాయని, పనిమనిషి కింది గిన్నె తోమకుండా కడిగేసిందని చెవులతో కనిపెట్టేసేది. పెద్ద వాకిలి తాళంచెవి ఆమె నడుముకు ఉండేది. కోడలు కరివేపాకుకు పోవాలన్నా పక్కన ఇంకొకరు ఉండాలి. అది కాపలా కాదు, మర్యాద అనేవారు. కాపలా అని ఉంటే కనీసం కోపం తెచ్చుకునేదాన్ని. నాకు ఊపిరాడేది కాదు. మాటవరసకు అనడం లేదు, నిజంగానే నడవలో ఆ వెలుతురు ముక్క కింద నిలబడి ముఖం పైకెత్తి గాలి పీల్చుకునేదాన్ని. మా ఆయన శ్రీధర్‌కు ఒకసారి చెప్పాను. ఆయన చాలా కంగారుపడి, మర్నాడు టేబుల్ ఫ్యాను కొనుక్కొచ్చారు.

నెలకు మూడు రోజులు మాత్రం నేను ఆ ఇంటికి పనికిరాకుండా పోయేదాన్ని. ముట్టు గట్టిగా పాటించే ఇల్లు. కోడలు దూరమని అత్తమ్మ ఒక్క మాట అంటే చాలు, ఇల్లంతా నన్ను వదిలేసేది. ఆ ముందు గదిలో ఒక చాప, దుప్పటి, నాకని వేరుగా కంచం, లోటా. విడి బట్టలు పెట్టుకోవడానికి ఒక రేకు పెట్టె, దాన్ని నేను తప్ప ఎవరూ తాకరు. రాత్రికి లోపలి తలుపుకు అవతలి నుంచి గడియ పడేది, మైల ఇంట్లోకి రాకుండా. వీధి తలుపు గడియ మాత్రం నావైపు ఉండేది. పొద్దున్నే అత్తమ్మ స్నానం చేసి మడి కట్టుకుని పూజకు కూచుంటే, అది ముగిసేదాకా నా ముఖం చూడకూడదు, నా గొంతు వినకూడదు. ఆమె పూజ చిన్నదేమీ కాదు. అదయ్యాకే కాఫీ తెచ్చి గడప అవతలి నుంచి నా లోటాలోకి ఎత్తి పోసేది. మొదటి నెలల్లో ఆ గదిలో కూచుని ఏడ్చాను, అవమానంతోనే ఏడ్చాను. కానీ ఎంతకాలమని ఏడుస్తాం? ఒక పొద్దున ఏడుపు చాలించి తలెత్తితే ఎదురుగా వీధి తలుపు కనిపించింది.

మొదటిసారి తలుపు తీసి గడప మీద నిలబడి, మళ్లీ వేసేశాను. మరునెల సందు చివరిదాకా నడిచాను. ఆ పై నెల అవెన్యూ రోడ్డులోకి వెళ్లాను. పగలు పక్కవాళ్ల భుజం తగలకుండా అడుగు వేయలేని రోడ్డు అది. ఇంకా సరిగా తెల్లారని ఆ వేళకు అది ఎవరిదీ కాదు. పాత పుస్తకాలవాళ్లు కప్పి పోయిన టార్పాలిన్లు, కనకాంబరాల బుట్టలు దించుతున్న ఒక ఆటో, కాఫీపొడి అంగడి షట్టరు సందులోంచి వచ్చే వాసన. నా ఒంటిమీద కాలేజీ నాటి చుడీదారు. విడి బట్టల్లో కలిపేశాను కనుక అది ఎవరి కంటా పడలేదు. మైసూరు బ్యాంకు సర్కిల్ దాటగానే రోడ్డు వెడల్పయింది, నడుస్తున్నదాన్ని పరుగందుకున్నాను. కబ్బన్ పార్కు చెట్ల కిందికి వెళ్లి, రొప్పుతూ నిలబడి, నాలో నేను నవ్వుకున్నాను. పెళ్లయ్యాక ఎవరూ చూడకుండా నవ్వడం అదే మొదలు. తిరిగి వచ్చి చాప మీద ముసుగుతన్ని పడుకుని, అత్తమ్మ అడుగుల చప్పుడు వినగానే నీరసంగా లేచి కూచునేదాన్ని. కడుపునొప్పి ఉందా అని ఆమె అడిగేది, ఉందనేదాన్ని. అది అబద్ధం కాదు. నొప్పి ఉండేది, నొప్పితోనే పరిగెత్తేదాన్ని.

ఒకనాడు పార్కులో వెనక నుంచి వచ్చి నన్ను దాటిపోయిన ఆడమనిషి ఒకామె ఆగి వెనక్కి తిరిగింది. మా ఎదురు వఠారంలో అద్దెకుండే కళావతి. కన్నడ ఆమె, టెలిఫోన్ ఆఫీసులో ఆపరేటరు, ఆఫీసు తరఫున పందేల్లో పరిగెత్తుతుందని సందులో చెప్పుకునేవారు. నా పని అయిపోయిందనుకున్నాను. ఆమె నా ముఖం చూడలేదు, నా హవాయి చెప్పులు చూసింది. "వీటితో పరిగెత్తితే కాలు పోతాది కణమ్మా. నా పాత శూ ఉండాయి, తెస్తాను. రేపు ఇంకా బేగ రా, ఎండొస్తే కష్ట," అని వెళ్లిపోయింది. ఆ బూట్లు నా కాలికి కొంచెం వదులు. వేళ్ల దగ్గర గుడ్డ కుక్కి వేసుకునేదాన్ని. అవి కూడా రేకు పెట్టెలోకే చేరాయి. నన్ను ముట్టుకోకుండా ఉంచిన ఆచారమే నా బూట్లనూ ముట్టుకోకుండా కాపాడింది.

ఊరి రోడ్ల మీద ఆడవాళ్ల పందెం ఉందని, నా పేరు కూడా ఇచ్చేశానని కళావతి ఒకసారి చెప్పింది. ఆదివారం పొద్దున. ఆ ఆదివారం నా మూడు రోజుల్లో పడదు. శుక్రవారం సాయంత్రం అత్తమ్మ దగ్గరికి వెళ్లి నేను దూరమని చెప్పాను. అలాంటి అబద్ధం ఆడటానికి నోరెలా వచ్చిందని మీరడగవచ్చు. బాగానే వచ్చింది. దానికి ఈ వయసులో కూడా నేను చెంపలు వేసుకోను. ఎవరూ తరచి చూడలేని మాట నాకు ఆ ఇంట్లో అదొక్కటే ఉండేది.

స్టేడియం ముందు గుంపులో స్కూలు పిల్లలు, పోలీసు ఉద్యోగినులు, బ్యాంకులవాళ్లు. నా చుడీదారు మీద అంకె వేసిన గుడ్డ పిన్నీసులతో గుచ్చారు. కస్తూర్బా రోడ్డు మలుపులో ట్రాఫిక్ పోలీసు చెయ్యెత్తి బస్సును ఆపి మమ్మల్ని పోనిచ్చాడు. నా కోసం ఒక బస్సు ఆగింది. కిటికీల్లోంచి జనం చూస్తున్నారు, "బన్ని, బన్ని" అని ఎవరో కన్నడంలో రండి రండి అంటూ పిలుస్తున్నారు, నేనెవరో వాళ్లలో ఒక్కరికీ తెలియదు. పక్కటెముకల కింద పట్టేసింది, కళ్లు మసకబారాయి, ఏడుపు వచ్చింది, దాన్ని చెమటతో కలిపి తుడిచేసుకున్నాను. ఎన్నోదాన్నయ్యానో నాకు పట్టలేదు. చివర్లో గ్లూకోజు నీళ్లు, ఒక అరటిపండు ఇచ్చారు. ఆ అరటిపండు తిన్నంత ఇష్టంగా నా పెళ్లి భోజనం కూడా తినలేదు.

తిరుగుదారిలో ఆటో దొరకలేదు. రోడ్లు మూసింది మా పందెం కోసమే కదా, ఆ సంగతి ముందు తోచలేదు. ఆ అలసటతోనే సగం దారి నడిచి, సగం దారి పరిగెత్తి గదికి చేరేసరికి లోపలి గడప దగ్గర లోటాలో కాఫీ పోసి ఉంది. మీగడ తొరక కట్టి చల్లగా అయిపోయింది. లోపలి తలుపుకు మళ్లీ గడియ పడి ఉంది. చెప్పాల్సిన అబద్ధాలన్నీ సిద్ధం చేసుకుని కూచున్నాను. మధ్యాహ్నం అన్నం పెట్టేటప్పుడు అత్తమ్మ ఏమీ అడగలేదు, పులుసు ఇంకొంచెం కావాలా అని మాత్రం అడిగింది.

ఆ తర్వాత ఇంకో రెండుసార్లు కూడా లెక్క తప్పి దూరమయ్యాను. శ్రావణం ముందు ఊరంతా చుట్టివచ్చే పెద్ద పందెం ఒకటి ఉంది, దానికి కాళ్లు తయారు కావాలి. ఆ ఒక్క పందెం మీదే నా ప్రాణాలన్నీ పెట్టుకుని ఉన్నాను. రాగి సంకటి కెలుకుతూ మనసులో ఆ రోడ్లన్నీ తిరిగేదాన్ని. అత్తమ్మ మాత్రం ఇలా నెలకు రెండుసార్లయితే బిడ్డలు ఎట్లా నిలుస్తారని, అశోకచెక్క తెప్పించి, కషాయం కాచి రోజూ పొద్దున్నే నా చేతికిచ్చి, నేను గుక్కెడు కూడా మిగల్చకుండా తాగేదాకా ఎదురుగా నిలబడేది. అంత చేదు నేను మళ్లీ ఎప్పుడూ తాగలేదు. అది మందో శిక్షో నాకు ఇప్పటికీ తెలియదు.

పెద్ద పందేనికి ముందు శుక్రవారం సాయంత్రం వచ్చింది. అత్తమ్మ నడవలో కూచుని వక్క కత్తిరించుకుంటోంది. మా ఆయన, మరిది అంగడి నుంచి అప్పుడే వచ్చి కాఫీ తాగుతున్నారు. నేను దూరంగా గోడకు ఆనుకుని నిలబడి, అత్తమ్మా నేను దూరమన్నాను. ఆమె అడకత్తెర కింద పెట్టింది. లేచి, నా దగ్గరికి వచ్చి, నా చెయ్యి పట్టుకుంది.

"అయితే ఏమాయె? లోపలికి రా. ఇంగ ఈ ఇంట్లో ఆ పద్ధతి లేదు. కాలం మారె. నేను పడినాను, నువ్వు పడల్సిన పనిలేదు," అంది.

మా ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. మరిది లేచి వాళ్లమ్మ కాళ్లకు దండం పెట్టాడు. మర్నాడు ఈ సంగతి సందంతా పాకింది. ముసలివాళ్లు ముక్కున వేలేసుకున్నారు, చదువుకున్న కోడళ్లు వచ్చి మా అత్తమ్మను దేవతన్నారు. నేను ఏడ్చాను, సంతోషంతో అనుకున్నారు. ఆ శనివారమే అంగడికి శ్రావణం సరుకు దిగింది. ముందు గది ఇంక ఖాళీయే కదా అని అత్తమ్మే చెప్పి, లంగా గుడ్డల మూటలన్నీ వీధి తలుపుకు ఆనించి దూలం దాకా పేర్పించింది. నా రేకు పెట్టెను ఆమె స్వయంగా మోసుకొచ్చి మా మంచం కింద పెట్టింది. తెరిచి చూడలేదు. ఏ ఆచారాన్ని తిట్టుకుంటూ ఆ ఇంట్లో బతికానో అది పోయింది, పోతూ పోతూ నా తలుపును కూడా తీసుకుపోయింది. ఎవరికని చెప్పుకోను? ముట్టు కావాలని ఏ ఆడది అడుగుతుంది?

ఇప్పుడు ఆదివారం వస్తే ఊళ్లో ఏదో ఒక మూల పరుగుపందెం ఉంటుంది. రెండువేల సంవత్సరం దాటాక అవి జాతరల్లా పెరిగాయి. మేం వేరే కాపురం పెట్టి, పిల్లలు కాస్త పెద్దయ్యాక, నేను మళ్లీ బూట్లు కట్టాను. అప్పటికి అత్తమ్మ లేదు. మొదటి పందేనికి మా ఆయన నీళ్ల సీసా, తువ్వాలు, విభూతి పొట్లంతో సహా వచ్చి గేటు దగ్గర నిలబడ్డారు, పిల్లలు చప్పట్లు కొట్టారు. నాకు సంతోషంగానే ఉండింది. కానీ రోడ్డుకు రెండువైపులా కట్టిన తాళ్ల మధ్య, మైకులో పాటల మధ్య, ఎక్కడ తిరగాలో చేత్తో చూపించే కుర్రాళ్ల మధ్య పరిగెత్తుతుంటే, నడవలో ఇటూ అటూ తిరుగుతున్నట్టే ఉండేది. ఈమధ్య మా అమ్మాయి నా చేతికి ఒక గడియారం కట్టింది. నేను ఏ మలుపులో ఉన్నానో అది తన ఫోనుకు చెబుతుందట. పార్కులో ఊరికే ఆగి ఒక చెట్టు వైపు చూస్తే, ఎందుకమ్మా ఆగావు, ఒంట్లో బాగానే ఉందా అని ఫోన్ వస్తుంది. ప్రేమే, కాదనను. ఎవరి ప్రేమా లేకుండా ఒక గంట ఉండటం ఎలా ఉంటుందో ఆ పిల్లకు ఎలా చెప్పాలో నాకు తెలియదు.

ముందు గది మూటలతో నిండిన మర్నాడు, ఆ పెద్ద పందెం ఆదివారం సంగతి మా ఆయనకు కూడా చెప్పలేదు, మొదటిసారి ఇక్కడే రాస్తున్నాను. తెల్లారకముందే మెలకువ వచ్చింది. వంటింట్లోకి వెళ్తే అత్తమ్మ అప్పటికే అక్కడ ఉంది. స్నానం చేయలేదు, పూజకు కూచోలేదు. పీట మీద కూచుని డికాక్షన్ దిగడం చూస్తోంది. ఏమైతే అదవుతుందని అడిగేశాను.

"ఈ పొద్దు నేను పందేనికి పోవల్ల అత్తమ్మా. వాకిలి తాళం తీయండి."

ఆమె ఉలిక్కిపడలేదు. "తెలుసు," అంది. ఫిల్టరు మూత సర్ది, మళ్లీ తనే మొదలుపెట్టింది. "ఆ పొద్దు కాఫీ తెస్తిని. పిలిస్తిని, నువ్వు పలకలేదు. మడిలో ఉన్నదాన్ని, ఆ గదిలో కాలు పెడితి. వీధి వాకిలి తోస్తే తెరుచుకునె. నాకు చానాసేపు ఏమీ అర్థం కాలేదు. ఆ గదిలో ముప్పై ఏండ్లు పండుకుంటి నేను. ఆ వాకిలి నాకూ ఉండె. ఒక్క పొద్దన్నా తీసి చూద్దామని తోచలేదు. నువ్వు వచ్చి ఏడాది కూడా కాలే. నాకు కడుపు మండె. అందుకే ఆ పద్ధతి తీసేస్తి."

మరి 'నేను పడినాను, నువ్వు పడల్సిన పనిలేదు' అని అందరి ముందూ అన్నారు కదా అన్నాను.

"అది గూడా నిజమే," అంది.

నాకు ఒళ్లు మండిపోయింది. ఏడుపు కూడా వచ్చింది, కానీ ఆమె ముందు ఏడవదలచుకోలేదు. ఆమె చెయ్యి నడుము దగ్గర తాళంచెవి మీదికి వెళ్లింది. ఇస్తుందనే అనుకున్నాను. అది అక్కడే ఆగిపోయింది. ఇవ్వడానికి ఆమెకు మనసు రాలేదో, ఇవ్వడం ఎలాగో తెలియలేదో చెప్పలేను. కాఫీ కలిపి, ఎత్తి పోయకుండా, లోటా నా చేతిలోనే పెట్టి, ఎదురుగా కూచోమంది.

"ఎంత దూరం పోతాంటివి?" అని అడిగింది.

చెప్పాను. అవెన్యూ రోడ్డు దాటి, సర్కిల్ దాటి, పార్కు దాకా అన్నాను. ఆ వేళకు రోడ్డు మీద ఎవరుంటారని అడిగింది. పూలవాళ్లు, పాలవాళ్లు అన్నాను. పార్కు లోపల ఎట్లుంటాదని అడిగింది. కారు కిటికీలోంచి తప్ప ఆమె దాన్ని చూడలేదట. చెట్ల గురించి, తడి ఆకుల మీద కాలు జారడం గురించి, బస్సు ఆగడం గురించి చెప్పాను. పూజలో లాగా కళ్లు మూసుకుని విన్నది.

"ఎవురూ అడగలేదా, ఎవురింటిదానివని?"

"ఎవరూ అడగలేదు అత్తమ్మా."

"ఒక్కరు గూడా?"

"ఒక్కరు గూడా."

ఆమె కళ్లు తెరిచింది. తర్వాత, అక్కణ్నుంచి ఇంకా ముందుకు పోతే ఏముంటాదని అడిగింది. పందెం మొదలయ్యే వేళ అయింది. పెద్ద వాకిలికి తాళం వేసే ఉంది. మేమిద్దరం వంటింట్లోనే కూచుని ఉన్నాం, ఆమె అడుగుతూనే ఉంది, నేను చెబుతూనే ఉన్నాను.